ఇంటి నుంచి ఈ-జర్నల్స్: స్నేహితుడి లాగిన్ వాడితే దొంగతనమేనా?

కదిరి_కుర్రాడు (ఆదివారం, రాత్రి 11:20)

సూటిగా అడుగుతున్నాను, సూటిగానే చెప్పండి.

నేను ఒక రాష్ట్ర యూనివర్సిటీలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. కెమిస్ట్రీ. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. దాన్ని తక్కువ ఖర్చుతో తీసేసే పదార్థాల మీద పని. పగలు ప్రైవేట్ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. చదువుకోడానికి దొరికేది రాత్రి పది తర్వాతే. యూనివర్సిటీకి వెళ్లాలంటే బస్సులో నాలుగు గంటలు.

క్యాంపస్‌లో కూర్చుంటే జర్నళ్లలో వచ్చే ఏ పరిశోధన పేపరైనా ఒక్క క్లిక్కుతో తెరుచుకుంటుంది. అదే లింకు ఇంట్లో నొక్కితే కొనుక్కోమంటుంది. ఒక్కో పేపరు 30, 40 డాలర్లు. నాకది మూడు రోజుల జీతం.

ఇంటి నుంచి కూడా చూడొచ్చని లైబ్రరీ నోటీసు బోర్డు మీద ఉంది. నమోదు చేసుకోబోతే 'మీ వివరాలు జాబితాలో లేవు' అని వచ్చింది. లైబ్రరీలో అడిగితే రీసెర్చ్ సెక్షన్‌కి వెళ్లమన్నారు. వాళ్లు కంప్యూటర్ సెంటర్‌కి పంపారు. అక్కడ చూసే ఆయన సెలవులో ఉన్నారు. ఆర్నెల్లయింది.

ఈలోపు వేరే యూనివర్సిటీలో ఫుల్‌టైమ్ చేస్తున్న నా ఇంటర్ స్నేహితుడు తన ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చాడు. రెండు నెలలుగా దాంతోనే చదువుతున్నాను. మొన్న మాటల్లో గైడ్ సార్ దగ్గర నోరు జారాను. "అది దొంగతనమయ్యా" అన్నారు. అప్పట్నుంచి కక్కలేక మింగలేక ఉన్నాను. అమ్ముకోవడం లేదు, చదువుకుంటున్నాను. తప్పేనా?

గోదారి_గట్టు (ఆదివారం, రాత్రి 11:41)

తమ్ముడూ, నిశ్చింతగా పడుకో. తప్పు కాదు.

నేను ఎనిమిదేళ్లుగా గెస్ట్ ఫ్యాకల్టీని. పీరియడ్ లెక్కన డబ్బులు, ఏటా ఏప్రిల్‌లో ఇంటికి. నాకూ లాగిన్ లేదు. నా దగ్గర ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసే పిల్లలకి ఉంది! వాళ్లని అడిగి పీడీఎఫ్‌లు తెప్పించుకుంటాను. సిగ్గు పడాల్సింది నేనో, మా ఆఫీసో వాళ్లే తేల్చుకోవాలి.

ఇక దొంగతనం మాట. ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటి తరఫునా జర్నళ్లకి కేంద్రమే చందా కట్టే 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. 2025 నుంచి 2027 దాకా మూడేళ్లకి 6,000 కోట్ల రూపాయలు. 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పత్రికలు. ఆ డబ్బెవరిది? నువ్వు అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నావు కదా. పేపరు రాసిన ప్రొఫెసర్‌కి ప్రచురణకర్త పైసా ఇవ్వడు. తప్పొప్పులు దిద్దిన రివ్యూయర్‌కీ ఇవ్వడు. చదివేవాడి దగ్గర మాత్రం మూడు రోజుల జీతం అడుగుతాడు. దొంగ ఎవరు ఇక్కడ?

సర్వర్_రూమ్ (సోమవారం, ఉదయం 7:05)

అన్నా, ఆవేశం బాగుంది. కానీ ఆ స్నేహితుడు చేసింది మాత్రం అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమే. లాగిన్ అతని సొంతం కాదు ఇవ్వడానికి.

నేను ఒక యూనివర్సిటీలో నెట్‌వర్క్ చూస్తాను. లోపల ఏం జరుగుతుందో చెప్తే సగం గొడవ తగ్గుతుంది.

క్యాంపస్‌లో కూర్చుని పేపరు తెరిచినప్పుడు మీరెవరో ప్రచురణ సంస్థకి తెలీదు. మీరు ఫలానా ఐపీ అడ్రసు (నెట్‌లో మీ కనెక్షన్‌కి ఉండే నంబరు) నుంచి వచ్చారు, ఆ అడ్రసు మా యూనివర్సిటీది అని మాత్రమే తెలుసు. గేటు లోపలున్న ప్రతివాడూ మనవాడే అన్నట్టు. ఇంటికి వెళ్తే మీ అడ్రసు జియోదో, ఏసీటీదో అవుతుంది. అందుకే గేటు మూసుకుంటుంది.

దీనికి మూడు దారులున్నాయి. ఒకటి వీపీఎన్: మీ కంప్యూటర్ మొత్తాన్నీ క్యాంపస్‌లో ఉన్నట్టు నటింపజేస్తుంది. చిన్న యూనివర్సిటీల్లో వెయ్యి మంది ఒకేసారి వస్తే మా పరికరాలు చేతులెత్తేస్తాయి. రెండోది ప్రాక్సీ: మీరు లైబ్రరీ సర్వర్‌కి లాగిన్ అవుతారు, అది మీ తరఫున వెళ్లి పేపరు తెచ్చి ఇస్తుంది. మూడోది ఫెడరేషన్. మన దేశంలో యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే గాంధీనగర్ కేంద్రం ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే 'ఇన్‌ఫెడ్' అదే. ఇందులో ప్రచురణ సంస్థ మిమ్మల్ని మీ యూనివర్సిటీ లాగిన్ పేజీకి పంపుతుంది. పాస్‌వర్డ్ మా దగ్గరే ఆగిపోతుంది. 'ఇతను మావాడే' అన్న మాట ఒక్కటే అటు వెళ్తుంది.

ఆ మాట అబద్ధమైతే పోయేది మా పరువు. ఇంకో సంగతి: చాలా చోట్ల అదే పాస్‌వర్డ్‌తో మెయిలూ, ఫీజులూ, హాల్‌టికెట్టూ అన్నీ తెరుచుకుంటాయి. మీ స్నేహితుడు మీకిచ్చింది లైబ్రరీ తాళం ఒక్కటే అనుకుంటున్నారా? ఇంటి తాళాల గుత్తి ఇచ్చాడు.

కదిరి_కుర్రాడు (సోమవారం, ఉదయం 7:30)

ఇది నేను ఆలోచించలేదు. వాడి మెయిల్ నేనెప్పుడూ తెరవలేదు, తెరవను కూడా. కానీ తెరవగలను అన్నది నిజమే.

మూడో_ఫ్లోర్ (సోమవారం, మధ్యాహ్నం 1:15)

హాస్టల్ నుంచి ఒక పాపం ఒప్పుకుంటున్నా. పేరు, ఊరు అడగొద్దు.

రివ్యూ పేపర్ రాయమన్నారు మేడమ్. సెలవుల్లో ఇంటి దగ్గర నెట్ సరిగ్గా ఉండదని, వెళ్లే ముందు రోజు రాత్రి ఒక డౌన్‌లోడ్ టూల్ పెట్టి పడుకున్నా. ఒకే సంస్థ నుంచి రెండు వేలకు పైగా పీడీఎఫ్‌లు. తెల్లారేసరికి క్యాంపస్ మొత్తానికి ఆ సంస్థ సైటు బంద్. ఎవరో సబ్మిషన్ వారంలో ఉన్నారట, లైబ్రరీలో ఏడ్చినంత పని చేశారని తర్వాత తెలిసింది. నన్ను పట్టుకోడానికి వాళ్లకి ఒక్క పూట పట్టింది. క్షమాపణ పత్రం రాసిచ్చాను. ఆ రెండు వేలల్లో నేను చదివినవి నలభై కూడా ఉండవు.

అరల_మధ్య (సోమవారం, సాయంత్రం 6:50)

లైబ్రరీలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. మూడో_ఫ్లోర్, నీలాంటి క్షమాపణ పత్రాలు నా ఫైల్లో చాలానే ఉన్నాయి నాయనా.

అవతలి నుంచి మెయిల్ వస్తుంది. ఫలానా సమయంలో ఫలానా ఐపీ నుంచి అసాధారణంగా డౌన్‌లోడ్లు జరిగాయి, ఆపేశాం, విచారించి చెప్పండి అని. హాస్టల్ అంతా ఒకటి రెండు ఐపీల మీదే బయటికి వెళ్తుంది కాబట్టి ఒక్కరు చేసినా అందరికీ ఆగిపోతుంది. మేము లాగ్ తీసి, మనిషిని పట్టుకుని, ఇక జరగదని రాసిస్తేగానీ తిరిగి ఇవ్వరు. ఇది క్యాంపస్ లోపల జరిగే గొడవ. ఇంటి నుంచి వాడే లాగిన్‌లో మనిషి ఎవరో ముందే తెలుసు, ఆ ఒక్క ఖాతా ఆపితే సరిపోతుంది. నిజానికి మాకు ఇంటి లాగినే సుఖం. ఆ లాగిన్ నలుగురి చేతుల్లో తిరిగితే మాత్రం ఆ సుఖం పోతుంది.

కదిరి అబ్బాయికి ఒక మాట. మీ గైడ్ 'దొంగతనం' అన్నారు. నేనైతే ఆ మాట వాడను. ఒప్పందం ఉల్లంఘన అంటాను. తేడా ఉంది. ఒప్పందం ఉన్నది ప్రచురణ సంస్థకీ మీ స్నేహితుడి యూనివర్సిటీకీ మధ్య. మీ స్నేహితుడు యూనివర్సిటీకి మాటిచ్చాడు, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వనని. అతని ఖాతా ఆగిపోతే పీహెచ్‌డీ మధ్యలో ఇబ్బంది పడేది అతను. మీకేమీ కాదు. నాకు నచ్చనిది అదీ.

అసలు విషయం వేరే ఉంది. మీకు స్నేహితుడి లాగిన్ అవసరమే లేదు. నేను చూసిన లైసెన్సుల్లో 'అధీకృత వాడుకరులు' అనే పేరా ఒకటి ఉంటుంది. అందులో విద్యార్థులంటే ఫుల్‌టైమూ పార్ట్‌టైమూ ఇద్దరూ వస్తారు. ఉద్యోగులంటే పర్మనెంటు, టెంపరరీ, కాంట్రాక్టు, విజిటింగ్ అందరూ. వాళ్లు ఎక్కడి నుంచైనా చదవొచ్చు. లైబ్రరీకి నడిచి వచ్చే బయటివాళ్లు లోపలి కంప్యూటర్లలో చూడొచ్చు. పాత విద్యార్థులకి మామూలుగా ఉండదు. పదాలు అటూ ఇటూ మారతాయి కానీ సారం ఇదే. అంటే మిమ్మల్ని ఆపింది ప్రచురణకర్త కాదు. మీ పేరు జాబితాలోకి ఎక్కించని వాళ్లు.

గోదారి_గట్టు (సోమవారం, సాయంత్రం 7:10)

విన్నారా! దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడం లేదు. ఎనిమిదేళ్లుగా నాకు హక్కు లేదనుకుంటున్నాను నేను. హక్కుంది, జాబితా లేదు!

మేడమ్, మీరే చెప్పండి. జాబితా ఎవరు చేస్తారు? మీరే కదా?

అరల_మధ్య (సోమవారం, రాత్రి 9:25)

మేమే ఎక్కిస్తాం. కానీ పేర్లు మా దగ్గర పుట్టవు.

విద్యార్థుల పేర్లు అకడమిక్ సెక్షన్ నుంచి వస్తాయి. ఉద్యోగులవి ఎస్టాబ్లిష్‌మెంట్ నుంచి. గెస్ట్ ఫ్యాకల్టీ ఎస్టాబ్లిష్‌మెంట్ జాబితాలో ఉండరు, ఎందుకంటే వాళ్ల బిల్లులు డిపార్ట్‌మెంట్ నుంచి అకౌంట్స్‌కి వెళ్తాయి. పార్ట్‌టైమ్ స్కాలర్లు రీసెర్చ్ సెక్షన్‌లో వేరే రిజిస్టర్‌లో ఉంటారు. నేను ఏటా లేఖ రాస్తాను. ఒక సెక్షన్ ఎక్సెల్ పంపుతుంది, ఇంకోటి స్కాన్ చేసిన కాగితం పంపుతుంది, మూడోది అస్సలు పంపదు. ఎక్సెల్‌లో పది మందికి ఒకే ఫోన్ నంబరుంటుంది, డిపార్ట్‌మెంట్ క్లర్కుది. ఓటీపీ ఆయనకి వెళ్తుంది. నవ్వుకోండి, మా వాళ్లు నెల రోజులు ఆయన్ని బతిమాలుకుని లాగిన్ అయ్యారు.

ఎద్దు పుండు కాకికి నొప్పా అని మమ్మల్ని అనేవాళ్లున్నారు. మాకూ నొప్పే. ఏ పత్రికని ఎంతమంది చదివారన్న లెక్క ఎప్పుడైనా అడుగుతారు. వాడకం లేదంటే ఆ పత్రిక ఎందుకు అంటారు. మీరంతా స్నేహితుల లాగిన్లతో వేరే యూనివర్సిటీ లెక్కలో చదువుతుంటే, మీ యూనివర్సిటీలో చదివేవాళ్లు లేనట్టే.

టెక్సాస్_తమ్ముడు (మంగళవారం, ఉదయం 8:40)

ఇక్కడ ఇంటి నుంచి చదవడం అసలు చర్చే కాదు. లైబ్రరీ పేజీ నుంచి లింకు నొక్కితే యూనివర్సిటీ లాగిన్ అడుగుతుంది, ఫోన్‌లో ఒక నోటిఫికేషన్ ఒప్పుకోవాలి, అయిపోతుంది. మా పాత రూమ్మేట్ లాగిన్ మాత్రం డిగ్రీ అయ్యాక కొద్ది నెలలకే పోయింది. ఉద్యోగం వెతుక్కుంటూ, రాసిన పేపరు మళ్లీ దిద్దుకోడానికి నన్ను అడిగాడు. నేను ఇవ్వలేదు. పేపర్లు పేరుపేరునా చెప్తే పీడీఎఫ్ పంపాను. అది కూడా గీత దాటడమేనేమో, కానీ ఫోన్ నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా వాడి కోసం నొక్కుతూ కూర్చోడం కంటే నయం.

సరదా విషయం. ఇక్కడ చాలా లైబ్రరీలు వాడే ఈజీప్రాక్సీ సాఫ్ట్‌వేర్‌ని 1999లో తయారుచేసింది పెద్ద కంపెనీ కాదు. అరిజోనాలో ఒక కమ్యూనిటీ కాలేజీ లైబ్రేరియన్. తన విద్యార్థులు ఇంటి నుంచి చదువుకోలేకపోతున్నారని రాసుకున్నాడు. 2008లో దాన్ని లైబ్రరీల సహకార సంస్థ ఓసీఎల్‌సీ కొనుక్కుంది.

గోదారి_గట్టు (మంగళవారం, ఉదయం 9:00)

అదీ లైబ్రేరియన్ అంటే.

అరల_మధ్య (మంగళవారం, ఉదయం 9:12)

ఆయనకి ఓటీపీ క్లర్కు ఫోన్‌కి వెళ్లి ఉండదు.

సర్వర్_రూమ్ (మంగళవారం, ఉదయం 10:30)

రూమ్మేట్‌కి లాగిన్ ఇవ్వకుండా పీడీఎఫ్ పంపడం అన్నది మధ్యేమార్గం. లైసెన్సు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే అదీ ప్రశ్నే, కానీ చాలా ఒప్పందాల్లో తోటి పరిశోధకుడికి అడపాదడపా ఒక కాపీ పంపుకునే వెసులుబాటు ఉంటుంది. లాగిన్ ఇవ్వడానికి మాత్రం ఎక్కడా ఉండదు.

ఎందుకంత పట్టుదల అంటే చెప్తాను. 2018 మార్చిలో అమెరికా న్యాయశాఖ తొమ్మిది మంది ఇరానీయుల మీద కేసు పెట్టింది. ప్రొఫెసర్లకి దొంగ మెయిళ్లు పంపి, లాగిన్ పేజీలాంటి పేజీ చూపించి పాస్‌వర్డ్‌లు లాగారన్నది ఆరోపణ. అమెరికాలోనే 144 యూనివర్సిటీలు, బయట ఇంకో 21 దేశాల్లో 176. తీసుకెళ్లింది 31 టెరాబైట్లకి పైగా. అలాంటి లాగిన్లకి బయట సంత ఉంది. మీరు మంచివారే. మీ స్నేహితుడు వాట్సాప్‌లో పంపిన ఆ పాస్‌వర్డ్ మీ ఫోన్ పోయిన రోజు ఎవరి దగ్గరుంటుంది?

కదిరి_కుర్రాడు (మంగళవారం, మధ్యాహ్నం 2:20)

ఫోన్ పోయే మాట అటుంచండి. ఆ మెసేజ్ మా కాలేజీ స్టాఫ్ రూమ్ కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్‌లో నెల రోజులు తెరిచే ఉంది. ఇప్పుడే లాగౌట్ చేసి వచ్చాను.

గోదారి_గట్టు (మంగళవారం, రాత్రి 8:05)

సర్వర్ బాబూ, భయపెట్టి గెలవకు. న్యాయం మాట్లాడు.

ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసు గుర్తుందా? 2012లో మూడు పెద్ద ప్రచురణ సంస్థలు, అందులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఉన్నాయి, క్యాంపస్‌లో కోర్సు ప్యాకులు (పుస్తకాల్లోంచి పాఠాలకి కావాల్సిన పేజీల జిరాక్స్ కట్టలు) తీసే చిన్న కొట్టు మీద కేసు వేశాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు ఏమంది? బోధన కోసం కాపీ తీయడం కాపీరైట్ ఉల్లంఘన కాదంది. తర్వాతి ఏడాది ప్రచురణ సంస్థలే కేసు వదులుకుని వెళ్లిపోయాయి. చదువు కోసం కాపీ తప్పు కానప్పుడు చదువు కోసం లాగిన్ ఎలా తప్పవుతుంది?

ఇంకొకటి. అమెరికాలో ఏరన్ స్వార్ట్జ్ అనే కుర్రాడు ఎమ్‌ఐటీ యూనివర్సిటీ నెట్‌వర్క్ నుంచి, జర్నళ్లని ఆన్‌లైన్‌లో దాచి ఉంచే జేస్టోర్ వ్యాసాలు దించుకున్నందుకు 2011లో అరెస్టయ్యాడు. జేస్టోర్ తన వరకు రాజీ పడిపోయింది. ప్రభుత్వం వదల్లేదు. 2013 జనవరిలో, విచారణకి ముందే, అతను ప్రాణం తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్లు. వ్యాసాలు చదవాలన్న కోరికకి అంత శిక్షా?

అరల_మధ్య (మంగళవారం, రాత్రి 10:15)

స్వార్ట్జ్ పేరు ఎత్తితే నాకూ మనసు బాగోదు. ఆ కేసు నడిపిన తీరు అన్యాయం అన్నది నా అభిప్రాయం. కానీ అతను దించింది లక్షల్లో, అదీ ఎమ్‌ఐటీలో ఒక వైరింగ్ గదిలో ల్యాప్‌టాప్ దాచి. మన కదిరి అబ్బాయి రాత్రికి రెండు పేపర్లు చదువుకుంటున్నాడు. రెండింటినీ ఒక గాటన కట్టొద్దు.

జిరాక్స్ కేసు నాకు చాలా ఇష్టం. ఆ తీర్పు వచ్చిన రోజు మేము స్వీట్లు పంచుకున్నాం. అయితే అది కాపీరైట్ చట్టంలో బోధనకున్న మినహాయింపు గురించి. పుస్తకం లైబ్రరీ కొనుక్కుంది, అందులోంచి పేజీలు తీశారు. ఈ-జర్నల్ మనం కొనలేదు, అద్దెకి తెచ్చుకున్నాం. అద్దె పత్రంలో ఎవరు ఉండొచ్చో రాసి సంతకం పెట్టాం. ఇది కాంట్రాక్టు వ్యవహారం, అందుకే ఆ తీర్పు మనకి నేరుగా ఉపయోగపడదు. కొనుక్కునే కాలం నుంచి అద్దె కాలానికి ఎప్పుడు జారిపోయామో ఎవరూ గమనించలేదు. నాకు అసలు దిగులు అదీ. చందా ఆగిన రోజు అరలో పుస్తకం ఉంటుంది, లాగిన్‌లో పేపరు ఉంటుందో లేదో ఒప్పందం చూసుకోవాలి.

పాతకాగితం (బుధవారం, ఉదయం 6:00)

ఈ చర్చంతా చదివాను. మీ కష్టాలన్నీ ఇంగ్లిషు జర్నళ్ల కష్టాలు. తెలుగు సాహిత్యం మీద పని చేసేవాళ్లకి ఏ ఫెడరేషనూ అక్కర్లేదు, ఎందుకంటే ఆ 13,000 పత్రికల్లో మాకు కావాల్సింది దాదాపు లేదు.

కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1924లో పెట్టిన 'భారతి' సంచికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లుగా చాలా దొరుకుతాయి. రాత్రి రెండింటికి నిద్ర పట్టకపోతే తెరుచుకుంటాను. పాస్‌వర్డ్ అడగదు. ఒక్కోసారి పేజీ వంకరగా ఉంటుంది, ఒక్కోచోట స్కాన్ చేసినవాడి బొటనవేలు కనిపిస్తుంది, రెండు పేజీలు ఎగిరిపోయి ఉంటాయి. అయినా నేను రాసిన వ్యాసాల్లో సగం ఆ బొటనవేలి పుణ్యమే. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారిదే 'శోధ్‌గంగ' ఉంది, అదీ ఉచితం. కదిరి అబ్బాయి ఫ్లోరైడ్ మీద అందులో వెతికాడో లేదో.

6,000 కోట్లు అద్దె కట్టే బదులు, అందులో ఒక చిన్న ముక్కతో మన పాత పత్రికలన్నీ శుభ్రంగా స్కాన్ చేయించి అందరికీ తెరిచి పెడితే ఎవరి లాగిన్ ఎవరు వాడారన్న పంచాయితీ ఉండదు. అద్దె ఇంటికి రంగులు వేయించుకుంటున్నాం మనం.

మూడో_ఫ్లోర్ (బుధవారం, ఉదయం 9:45)

సార్, 'భారతి'లో బ్యాటరీ ఎలక్ట్రోడ్ల మీద పేపర్లు రావు కదా 🙂 మాకు ఆ అద్దె ఇల్లే దిక్కు. డబ్బు కట్టాల్సిన పేపర్లని అనుమతి లేకుండా ఊరికే ఇచ్చే ఏదో ఒక 'హబ్' ఉండగా లాగిన్ల గోల ఎందుకని మా వింగ్‌లో అందరూ అంటారు. లింకు ఇదిగో: [తొలగించబడింది]

అడ్మిన్ (బుధవారం, ఉదయం 9:58)

లింకు తీసేశాను. ఆ సైటు మీద ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ కలిసి 2020 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టులో వేసిన కేసు సంగతి మీకు తెలిసే ఉంటుంది. సైటు మంచిదా చెడ్డదా అన్న చర్చ చేసుకోండి, లింకులూ లాగిన్లూ వద్దు. నిన్న రాత్రి ఒకరు ఏకంగా తన ఐడీ, పాస్‌వర్డ్ ఇక్కడ పెట్టారు, 'పాపం కదిరి తమ్ముడికి' అని. తీసేసి ఆయనకి మెసేజ్ పెట్టాను. వెంటనే మార్చుకోండి సార్.

కదిరి_కుర్రాడు (బుధవారం, రాత్రి 10:40)

ఆ పెద్దమనిషికి దండం. వాడలేదు.

శోధ్‌గంగలో వెతికాను. ఫ్లోరైడ్ మీద చాలా ఉన్నాయి, మన జిల్లాల నీళ్ల లెక్కలతో సహా. మొదటి అధ్యాయానికి పనికొస్తాయి. కానీ నిరుడు వచ్చిన పేపర్లు కావాలంటే జర్నల్స్ తప్పవు. ఇద్దరు రచయితలకి నేరుగా మెయిల్ పెట్టాను. ఒకాయన గంటలో పీడీఎఫ్ పంపి, ఫలితాలు వస్తే తనకీ చెప్పమన్నాడు. రెండోవారి జాడ లేదు.

మేడమ్, మా కాలేజీ ప్రైవేటు. ఆ ఉద్యోగిగా నాకు జాతీయ చందా వర్తించదంట కదా?

అరల_మధ్య (గురువారం, ఉదయం 8:20)

మొదటి దశలో ఆ పథకం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ విద్యాసంస్థలకీ కేంద్ర పరిశోధన సంస్థలకీ మాత్రమే. 6,300కి పైగా సంస్థలు. మీ కాలేజీ అందులో లేదు. మీరు చదివే యూనివర్సిటీ ఉంది. మీరు ఉద్యోగిగా కాదు, స్కాలర్‌గా అడగండి.

ఇంకో విడ్డూరం చెప్తాను. డిగ్రీ కాలేజీల కోసం ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి ఎన్-లిస్ట్ అనే ఈ-జర్నల్స్ పథకం ఏళ్ల తరబడి నడిచింది. కాలేజీ ఏడాదికి 5,000 రూపాయలు, పైన జీఎస్టీ కడితే, లెక్చరర్లకీ విద్యార్థులకీ మనిషికో ఐడీ. ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చు. అంటే పల్లెటూరి డిగ్రీ కాలేజీ అమ్మాయి ఇంటి నుంచి చదువుతున్న రోజుల్లో, పెద్ద యూనివర్సిటీ స్కాలరు క్యాంపస్ గోడ పక్కన చెట్టు కింద వైఫై సిగ్నల్ పట్టుకుని కూర్చునేవాడు. 2020 లాక్‌డౌన్‌లో హాస్టళ్లు ఖాళీ అయినప్పుడుగానీ మా వాళ్లకి ఇంటి లాగిన్ గుర్తు రాలేదు. ఆ మార్చి, ఏప్రిల్‌లో నాకు వచ్చినన్ని ఫోన్లు జీవితంలో రాలేదు.

మీరు చేయాల్సింది: గైడ్ సంతకంతో లైబ్రేరియన్ పేరిట ఒక పేజీ లేఖ. అడ్మిషన్ ఉత్తర్వు కాపీ, ఐడీ కార్డు, మీ సొంత ఫోన్ నంబరు, మెయిల్. 'పార్ట్‌టైమ్ స్కాలర్లందరి పేర్లు జాబితాలో చేర్చవలసిందిగా' అని రాయండి. మీ ఒక్కరి పేరు అని రాస్తే మీ ఒక్కరికే అవుతుంది.

ఈలోపు జేస్టోర్‌లో సొంత ఖాతా తెరిస్తే నెలకి 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. కెమిస్ట్రీకి పెద్దగా పనికిరాదు కానీ ఇక్కడ చదివే హ్యుమానిటీస్ వాళ్లకి చెప్తున్నాను.

గోదారి_గట్టు (గురువారం, మధ్యాహ్నం 12:30)

అంతా సరే మేడమ్. నా ప్రశ్న అలాగే ఉంది. లేఖ రాశాక ఆర్నెల్లు పడితే ఆ ఆర్నెల్లు అతను చదవడం మానేయాలా? హక్కున్నవాడికి తలుపు తీయకపోతే కిటికీలోంచి వస్తాడు. కిటికీలోంచి వచ్చినవాడిని ఒక్క మాట అనే ముందు తలుపు తీయనివాడిని నాలుగు మాటలు అనాలి. ఇక్కడ అందరూ తమ్ముడికే బుద్ధి చెప్తున్నారు. ఆ సెలవులో ఉన్న కంప్యూటర్ సెంటర్ ఆయనకి ఎవరూ చెప్పరు.

సర్వర్_రూమ్ (గురువారం, మధ్యాహ్నం 1:05)

ఆ సెలవులో ఉన్నది నేను కాదు అని ముందు చెప్పుకుంటున్నాను. కానీ ఒప్పుకుంటాను అన్నా. ఎక్సెల్ షీటు శుభ్రంగా ఉంటే వెయ్యి మందిని ఎక్కించడం మాకు ఒక పూట పని. టెక్నాలజీ సాకు మేం చెప్పకూడదు. ఇంకొకరి లాగిన్ మీద నా మాట మాత్రం మార్చుకోను.

కదిరి_కుర్రాడు (తర్వాతి వారం శనివారం, రాత్రి 9:50)

అప్‌డేట్. స్నేహితుడికి ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్చుకోమన్నాను. "ఎందుకురా, పట్టుబడ్డావా?" అన్నాడు. ఇక్కడ చదివింది చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఇంకో ముగ్గురికి ఇచ్చానని చెప్పాడు. వాళ్లలో ఒకతను ఎవరో వాడికే గుర్తు లేదు.

గురువారం సెలవు పెట్టి యూనివర్సిటీకి వెళ్లాను. గైడ్ సార్ సంతకం పెట్టారు, దొంగతనం మాట ఎత్తలేదు, టీ ఇప్పించారు. రీసెర్చ్ సెక్షన్‌లో రిజిస్టర్ తీయిస్తే మా బ్యాచ్ పార్ట్‌టైమ్ వాళ్లం 23 మందిమి. ఒక్కరి పేరూ లైబ్రరీకి వెళ్లలేదు. అడిగితే "ఎవరూ అడగలేదు కదా" అన్నారు. అందరి పేర్లతో లేఖ ఇచ్చాను. తిరుగు బస్సులో క్యాంపస్‌లో దించుకున్న పదకొండు పేపర్లు చదివాను. మామూలుగానే, టూల్ లేకుండా, మూడో_ఫ్లోర్ గారూ.

లాగిన్ ఇంకా రాలేదు.

గోదారి_గట్టు (ఆదివారం, ఉదయం 7:15)

నేనూ ఇచ్చాను తమ్ముడూ, మా గెస్ట్ ఫ్యాకల్టీ అందరి తరఫునా. క్లర్కు తీసుకుని సొరుగులో పెట్టాడు.

అరల_మధ్య (ఆదివారం, ఉదయం 7:40)

ఇద్దరూ ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకున్నారా?

గోదారి_గట్టు (ఆదివారం, ఉదయం 7:42)

లేదు.

కదిరి_కుర్రాడు (ఆదివారం, ఉదయం 8:10)

నేనూ లేదు.

అరల_మధ్య (ఆదివారం, ఉదయం 8:15)

రేపు పొద్దున్నే వెళ్లి వేయించుకోండి. తేదీ, ముద్ర, నంబరు. మీ కాపీ మీద కూడా.